లేథ్ నుంచి ఇంటికి: తిరుగు ప్రయాణపు ఇంధనం లెక్క

(ఒక ఇంజనీరింగ్ కళాశాల ఖగోళ క్లబ్బులో భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు చిన్న లెక్క తీసుకుందాం. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆడినవాళ్లు చేతులెత్తండి. సగానికి పైనే ఉన్నారు, బావుంది. అందులో మన్ మీద దిగినవాళ్లు? చాలామందే. జూల్ దాకా వెళ్లినవాళ్లు? ఆరేడుగురు. జూల్ నుంచి తిరిగి ఇంటికొచ్చినవాళ్లు? ఇద్దరు.

ఆ ఆరేడుగురికీ ఈ ఇద్దరికీ మధ్య ఏం జరిగిందన్నదే ఈ పూట నా విషయం.

ఆడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇది మెక్సికో సిటీలో స్క్వాడ్ అనే సంస్థ చేసిన ఆట. 2011లో మొదటిసారి బయటికొచ్చింది, 2015 ఏప్రిల్‌లో పూర్తి రూపం తీసుకుంది. అందులో మన ఇల్లు కెర్బిన్. వ్యాసార్ధం 600 కిలోమీటర్లే గానీ, నేల మీద బరువు మాత్రం భూమ్మీద ఉన్నంతే. దానికి మన్, మిన్మస్ అని రెండు చందమామలు. బాగా దూరంలో జూల్ అనే పచ్చటి వాయుగ్రహం, మన బృహస్పతి లాంటిది. దాని చుట్టూ ఐదు చందమామలు: లేథ్, వాల్, టైలో, బాప్, పోల్. లోకం చిన్నదే అయినా అక్కడ నడిచేవి న్యూటన్ లెక్కలే.

ఇంకొక మాట, డెల్టా-వీ. మీ నౌకకి తన వేగాన్ని ఎంత మార్చుకునే స్తోమత ఉందో అదే డెల్టా-వీ. సెకనుకి ఇన్ని మీటర్లు అని కొలుస్తాం. ఇక నుంచి నేను ఒట్టి 1250 అంటాను, 'సెకనుకి మీటర్లు' అన్నది మీరు కలుపుకోండి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మొదటిసారి ముగ్గురు కెర్బల్స్‌ని, అంటే ఆటలోని బుల్లి వ్యోమగాముల్ని, లేథ్ మీద దింపాను. లేథ్ మీద సముద్రాలున్నాయి, గాలి ఉంది, పైన ఆకాశం నిండా జూల్ కనిపిస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. మర్నాడు వాళ్లని మళ్లీ లేథ్ కక్ష్యలోకి ఎక్కించాను. ట్యాంకులో ఇంకా 2500 ఉంది. హాయిగా సరిపోతుందనుకున్నాను. ముందు జూల్ పట్టులోంచి బయటపడదాం, ఆ తర్వాత సూర్యుడి చుట్టూ తిరిగే కక్ష్యలో తీరిగ్గా కెర్బిన్ వైపు మళ్లుదాం అనుకున్నాను. బయటపడటానికి 1100 అయింది. చేతిలో 1400 మిగిలింది. అక్కడ నోడ్ (ఇంజిన్ ఎక్కడ, ఎటు, ఎంత మండించాలో మ్యాప్‌లో ముందే పెట్టుకునే గుర్తు) పెట్టి చూస్తే కెర్బిన్ చేరడానికి 1750 కావాలంది. ఉన్నదంతా మండించాను. నౌక సూర్యుడి వైపు జారుకుంటూ వచ్చి, కెర్బిన్‌కి అవతల ఉండే డూనా అనే గ్రహం కక్ష్య దాటి కొంచెం లోపలికొచ్చి, అక్కణ్ణుంచి మళ్లీ జూల్ దూరానికి వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. మ్యాప్‌లో ఆ నీలం గీత కెర్బిన్ గీతకి తగలకుండానే ఒంపు తిరిగింది. దాన్ని చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ వారమంతా కాగితాలు ముందేసుకుని లెక్కలు కట్టాను. తేలిందేమిటంటే, నా దగ్గరున్న ఇంధనం కావలసినదానికి సరిగ్గా రెట్టింపు. లేథ్ నుంచి కెర్బిన్ రావడానికి 1250 చాలు.

ఈ 1250 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. అన్ని కక్ష్యలూ ఒకే తలంలో, గుండ్రంగా ఉన్నాయనుకుని కట్టిన లెక్క ఇది. జూల్ దగ్గర్నుంచి కెర్బిన్‌కి అతి తక్కువ ఖర్చుతో వెళ్లే దారి సగం దీర్ఘవృత్తం. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో ఇంజనీరుగా పనిచేసిన వాల్టర్ హోమాన్ 1925లోనే దీని లెక్క రాసి పెట్టాడు. ఆ దారి పట్టాలంటే జూల్ పట్టు వదిలేటప్పటికి మన దగ్గర జూల్ నడకకి ఎదురు దిశలో 1756 వేగం మిగిలి ఉండాలి. నేను చేసినట్టు బయటికొచ్చాక కొనుక్కుంటే ఆ 1756 పూర్తి ధరకే కొనాలి.

లోపల ఉండగా కొంటేనో? లేథ్ జూల్ చుట్టూ 3224 వేగంతో తిరుగుతోంది. అంత దూరంలో జూల్ నుంచి తప్పించుకోవడానికి 4559 కావాలి. సరిగ్గా 4559తో బయలుదేరితే జూల్ అంచుకి చేరేసరికి చేతిలో సున్నా. 4886తో బయలుదేరితే అంచు దగ్గర 1756 మిగులుతుంది. అంటే లోపల 327 అదనంగా పెడితే బయట 1756 దక్కుతుంది.

ఇంకా ఉంది. గ్రహం ఆకర్షణ ఒక బావి లాంటిది, బయటపడాలంటే ఎక్కిరావాలి. జూల్ లాగే లేథ్ కూడా ఒక బావే కదా. లేథ్‌కి 60 కిలోమీటర్ల ఎత్తులో, 1872 వేగంతో తిరుగుతూ ఉండగానే ఆ పని చేస్తే, ఆ 327 కూడా 161కి తగ్గుతుంది. జూల్ నుంచి బొటాబొటిగా బయటపడటానికి లేథ్ కక్ష్యలో ఖర్చు 1093. కెర్బిన్ దాకా వెళ్లడానికి 1254. తేడా 161. నేను ఆ రోజు ఇంకో అర నిమిషం ఇంజిన్ ఆపకుండా ఉంటే, బయట 1756 పెట్టి చేయాల్సిన పని అప్పుడే అయిపోయేది.

ఎందుకిలా? వేగం శక్తిగా మారేటప్పుడు వర్గం అవుతుంది, అదే రహస్యం. 10 వేగంలో ఉన్నప్పుడు 1 కలిపితే వర్గం 100 నుంచి 121 అవుతుంది, పెరిగింది 21. 100 వేగంలో ఉన్నప్పుడు అదే 1 కలిపితే 10000 నుంచి 10201, పెరిగింది 201. కలిపిన 1 ఒకటే, ఫలితం పదింతలు. అట్లతద్దికి ఉయ్యాలలు ఊగినవాళ్లుంటే గుర్తు తెచ్చుకోండి. నిలబడి ఊగేటప్పుడు మోకాళ్లు వంచి జోరుగా లేచేది ఎక్కడ? కిందికొచ్చి గాలి చెవుల పక్కనుంచి రివ్వున వీస్తున్నప్పుడే. పైకెళ్లి ఆగిన చోట ఎంత గుంజుకున్నా ఉయ్యాల ఎత్తు పెరగదు. నౌక బావి అడుగున ఉన్నప్పుడే జోరుగా ఉంటుంది, ఇంజిన్ అక్కడే మండాలి. దీన్ని ఓబర్త్ ప్రభావం అంటారు. ట్రాన్సిల్వేనియాలో పుట్టిన హెర్మాన్ ఓబర్త్ పేరు మీదుగా వచ్చింది.

అయితే చాలామంది మధ్యేమార్గం తొక్కుతారు. ముందు లేథ్ వదిలి జూల్ కక్ష్యలోకి రావడం, అక్కడ నోడ్ పెట్టుకోవడం. దీనికి 775, ఆపైన 1662, మొత్తం 2437. నా దారి 2849. ఒక్క ఊపున వెళ్లేది 1254.

ఈ అంకెల్ని టన్నుల్లో చూస్తే ఇంకా తెలుస్తుంది. ఇంటికి చేరాల్సిన నౌక 5 టన్నులనుకుందాం, ఇంజిన్ టెర్రియర్, అంతరిక్షంలో దాని స్పెసిఫిక్ ఇంపల్స్ (ఇంజిన్ ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత) 345 సెకన్లు. ఒక్క ఊపున వెళితే 2.2 టన్నుల ఇంధనం. రెండు మెట్లలో అయితే 5.3. నేను వెళ్లినట్టయితే 6.6. తేడా 4 టన్నుల పైమాటే. ఆ 4 టన్నుల్నీ కెర్బిన్ నేల మీంచి పైకెత్తాలి, అక్కణ్ణుంచి జూల్ దాకా మోయాలి, లేథ్ కక్ష్యలో నిలపాలి. అందుకే నౌక గీయడం మొదలుపెట్టేటప్పుడు చివరి అంకం నుంచి వెనక్కి రావాలంటాను. ముందు ఇంటికి చేరే గది, దాని పారాచూట్లు, వేడిని తట్టుకునే కవచం. దానికి 1254, పైన కనీసం పదో వంతు చేతిలో. అది తేలాక లేథ్ మీద దిగి ఎక్కే బండి. అప్పుడు కెర్బిన్ నుంచి లేచే రాకెట్టు.

తిరుగు ఇంధనాన్ని లేథ్ నేల మీదకి దింపకండి. లేథ్ నుంచి కక్ష్యకి ఎక్కడానికే 2900 దాకా అవుతుంది. కిందికి దింపిన ప్రతి టన్నునీ మళ్లీ పైకెక్కించడానికి ఇంకో టన్నుకి పైగా మండించాలి. తిరుగు ఇంధనం కక్ష్యలోనే తల్లి నౌకలో ఉండాలి, చిన్న బండి మాత్రం దిగి ఎక్కాలి. అపోలో రోజుల్లో జాన్ హూబోల్ట్ అనే నాసా ఇంజనీరు పట్టుబట్టి వాదించింది ఇదే. 1962లో నాసా ఆ దారికే ఒప్పుకుంది.

ఇప్పుడు దిశ గురించి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు.

మన్ నుంచి కెర్బిన్‌కి రావాలంటే మన్ నడకకి వెనకవైపు నుంచి బయటపడాలి. మన్ 543 వేగంతో తిరుగుతోంది. మనం వెనక్కి దూకితే ఆ వేగంలో చాలా భాగం పోయి, నౌక కెర్బిన్ వైపు రాలిపోతుంది. మన్ దగ్గరి కక్ష్య నుంచి ఒక్క ఊపున అయితే 300 లోపే. ముందు మన్ వదిలి, తర్వాత వేగం తగ్గించుకుంటే దానికి రెట్టింపు.

నిజమైన చంద్రుడి మీద దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. 1970 సెప్టెంబర్‌లో సోవియట్ లూనా 16 చంద్రుడి మీద దిగి 101 గ్రాముల మట్టి తెచ్చింది. మనిషి లేకుండా చంద్రుడి మట్టి తెచ్చిన మొదటి నౌక అదే. దిగింది చంద్రుడి తూర్పు వైపున, 56 డిగ్రీల రేఖాంశం దగ్గర. చంద్రుడు నడిచేటప్పుడు వెనకబడి ఉండే వైపు అది. అక్కణ్ణుంచి నిట్టనిలువుగా పైకి లేస్తే చాలు, చంద్రుడి నడకకి ఎదురు వేగం దానంతటదే వచ్చేస్తుంది. కక్ష్యలో తిరగలేదు, దారిలో సవరణ కూడా లేదు, నేరుగా భూమ్మీద పడింది. ఆ రోజుల చిన్న కంప్యూటర్లతో తిరుగు దారిని తేలిక చేయడానికి దిగే చోటునే దానికి తగ్గట్టు చూసుకున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా వాళ్లకి మనసులో దండం పెట్టుకుంటాను.

లేథ్ సంగతి దీనికి తిరగబడుతుంది. మన గమ్యం జూల్ కాదు, జూల్‌ని దాటి బయటికెళ్లాలి. అందుకే లేథ్ నడిచే వైపుకే దూకాలి, దాని 3224ని కూడా వెంట తీసుకెళ్లాలి. ఇలా జూల్ నుంచి బయటపడేటప్పుడు మాత్రం జూల్ నడకకి ఎదురుగా పోవాలి. రెండూ ఒకేసారి కుదరాలంటే లేథ్ సరైన చోట ఉన్నప్పుడు ఇంజిన్ మండాలి. లేథ్ వదిలాక నౌక జూల్ చుట్టూ 140 డిగ్రీల దాకా ఒంపు తిరిగి గానీ బయటి దారి పట్టదు. లెక్క కడితే, లేథ్ జూల్‌కి ముందువైపున ఉండి, అక్కణ్ణుంచి మరో 40 డిగ్రీలు సూర్యుడి వైపుకి ఒరిగి ఉన్నప్పుడు బయలుదేరాలి. కంగారు పడక్కర్లేదు, లేథ్ జూల్‌ని రెండున్నర కెర్బిన్ రోజులకొకసారి చుట్టి వస్తుంది. ఈసారి తప్పితే మూడో రోజున మళ్లీ వస్తుంది.

కెర్బిన్ అలా కాదు. మనం బయలుదేరే వేళకి కెర్బిన్ జూల్ కంటే 49 డిగ్రీలు వెనక ఉండాలి. ఆ పొందిక 467 రోజులకొకసారి వస్తుంది. రోజంటే కెర్బిన్ రోజు, ఆరు గంటలు. దారిలో పట్టేది 1120 రోజులు, అక్కడి లెక్కలో రెండున్నరేళ్ల పైన. ఈ వేళని దాటేసి మొండిగా బయలుదేరితే ఇంతసేపూ ఆదా చేసిందంతా ఆ తొందర తినేస్తుంది. లేథ్ మీద జెండా పాతాక ఎదురుచూడండి. ఆటలో కాలాన్ని వేగంగా నడిపే టైమ్ వార్ప్ ఉన్నది అందుకే.

ఒకసారి నేను ఐదు చందమామలకీ ఇదే లెక్క కట్టాను. జూల్‌కి అతుక్కుని ఉన్న లేథ్ నుంచి ఖర్చు బాగా ఎక్కువ, అంచున ఉన్న పోల్ నుంచి బాగా తక్కువ ఉంటుందనుకున్నాను. వచ్చినవి చూడండి: లేథ్ 1254, వాల్ 1050, టైలో 1170, బాప్ 1100, పోల్ 1140. బాప్ కక్ష్య 15 డిగ్రీలు వాలి ఉంటుంది గనక దానికి కొంచెం కలుపుకోండి. మొత్తమ్మీద అన్నీ ఒకటే! లోతున ఉన్నది ఎక్కువ ఎక్కాలి, నిజమే. కానీ లోతున ఉన్నది అంత వేగంగానూ తిరుగుతోంది, అక్కడ ఇంజిన్ మండితే దక్కే ఫలితమూ అంత ఎక్కువ. పోల్ దగ్గర ఎక్కాల్సింది తక్కువ, దక్కే సాయమూ తక్కువే. ఇది కాగితం మీద తేలిన రోజు, లైబ్రరీలో పక్కనున్నాయన్ని లేపి మరీ చూపించాను.

(సభలోంచి ప్రశ్న: "సార్, నర్వ్ ఇంజిన్ పెడితే బర్న్ పది నిమిషాలు పడుతోంది. అంతసేపూ బావి అడుగునే ఉండలేం కదా?")

అసలైన ప్రశ్న అడిగావమ్మా. నర్వ్ అణు ఇంజిన్, స్పెసిఫిక్ ఇంపల్స్ 800, పొదుపు విషయంలో దానికి సాటి లేదు. కానీ తోపు 60 కిలోన్యూటన్లే, పైగా దాని సొంత బరువే 3 టన్నులు. బరువైన నౌకకి పెడితే బర్న్, అంటే ఇంజిన్ మండించడం, పూర్తయ్యేలోపు సగం చందమామ చుట్టేస్తాం, మండించినదంతా వేర్వేరు దిక్కుల్లోకి పోతుంది. దానికి మందు, ముక్కలు చేసుకోవడం. పెరియాప్సిస్ దగ్గర, అంటే కక్ష్యలో చందమామకి అతి దగ్గరి చోట, కొంచెం మండించి ఆపాలి. కక్ష్య సాగుతుంది. ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ అక్కడే మండించాలి. కక్ష్య లేథ్ పట్టు అంచుదాకా సాగాక, ఆఖరి ముక్కని లేథ్ సరైన చోటికొచ్చిన వేళకి పెట్టుకోవాలి.

ఇది మన ఇస్రో చేసి చూపించిన పనే. శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న వెళ్లిన చంద్రయాన్-3 గుర్తుంది కదా. ల్యాండర్‌ని దింపేశాక పైన ప్రొపల్షన్ మాడ్యూల్ మిగిలింది. ప్రయోగమూ కక్ష్య మార్పులూ అంత కచ్చితంగా కుదిరాయి గనక, చంద్రుడి కక్ష్యలో నెల దాటాక కూడా దాన్లో 100 కిలోల పైన ఇంధనం ఉంది. దాన్ని వెనక్కి తెద్దామనుకున్నారు. అక్టోబర్ 9న మొదటి బర్న్: చంద్రుడికి 150 కిలోమీటర్ల ఎత్తున ఉన్న కక్ష్య ఒక కొసని 5112 కిలోమీటర్లకి సాగదీశారు. చుట్టు కాలం 2.1 గంటల నుంచి 7.2 గంటలకి పెరిగింది. మీరు నర్వ్‌తో చేయాల్సిన మొదటి ముక్క అచ్చంగా అదే. అక్టోబర్ 13న రెండోది, భూమి వైపు మళ్లించేది. చంద్రుడి పక్కనుంచి నాలుగుసార్లు దాటి, నవంబర్ 10న చంద్రుడి పట్టులోంచి బయటపడింది. నవంబర్ 22న మొదటిసారి భూమికి దగ్గరగా వచ్చింది, 1.54 లక్షల కిలోమీటర్ల దూరంలో. ఆ వార్త చదివిన రోజు క్లాసులో పాఠం పక్కన పెట్టి బోర్డు మీద ఈ బొమ్మే గీశాను.

ఇక ఇంటి గుమ్మం. జూల్ నుంచి వచ్చే నౌక కెర్బిన్ గాలిలోకి 4200 పైన వేగంతో దిగుతుంది. మన్ నుంచి వస్తే ఇది 3160. కింద 80 కిలోమీటర్ల కక్ష్యలో తిరిగే నౌక వేగం 2280. ఇంజిన్‌తో ఆపి కక్ష్యలో నిలపాలంటే ఇంకో 1930 కావాలి, అంటే లేథ్ నుంచి ఇక్కడిదాకా వచ్చినదానికన్నా ఎక్కువ. కవచం దళసరిగా పెట్టి గాలికే ఆ పని అప్పజెప్పండి. ఎంత లోతుగా దిగాలన్నది సగం దారిలో ఉండగానే సర్దుకోవాలి. అక్కడ రెండు మూడు మీటర్ల వేగంతో అయ్యే సవరణకి, కెర్బిన్ దగ్గరపడ్డాక వందలు పోయాల్సొస్తుంది.

(సభలోంచి: "సార్, టైలో పక్కనుంచి వెళ్తే ఉచితంగా వేగం వస్తుందంటారు. అప్పుడు ఈ 1250 కూడా తగ్గుతుందా?")

వచ్చేటప్పుడు టైలో బంగారం లాంటిది బాబూ. జూల్ దగ్గరికి చేరిన నౌకని ఇంధనం లేకుండా కక్ష్యలో పడేస్తుంది. వెళ్లేటప్పుడు మాత్రం లెక్క చూసుకోవాలి. లేథ్ నుంచి టైలో దాకా ఎక్కడానికే 850 అవుతుంది. అక్కడికి చేరేసరికి టైలోతో పోలిస్తే మన వేగం 500. టైలో ఆ 500 దిశని ఎటైనా తిప్పుతుంది గానీ పెంచలేదు. దాని సొంత నడక 2031, అంతా కలిసొచ్చినా 2531. ఆ దూరంలో జూల్ వదలడానికి 2872 కావాలి. ఒక్క దాటుతో బయటపడలేం. వాల్, టైలో, మళ్లీ లేథ్ అంటూ గొలుసుకట్టుగా దాటుతూ పోతే సాధ్యమే, ఓపికున్నవాళ్లు చేశారు కూడా. 850 ఎలాగూ పెట్టాలి గనక, ఆ గొలుసు మొత్తానికీ మిగిలేది 400 లోపే. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ఆ సలహా ఇవ్వను.

(సభలోంచి: "ఆ ముగ్గురూ ఏమయ్యారు సార్?")

తెచ్చుకున్నానమ్మా. వాళ్ల నౌక సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి ఆరేళ్లు, కెర్బిన్ ఏళ్లలో. వాళ్లు డూనా కక్ష్య దగ్గరికి దిగొచ్చే వేళకి కెర్బిన్ నుంచి మనిషి లేని ట్యాంకర్ ఒకటి పంపి కలిపాను. ఇంధనం ఎక్కించాక అక్కడ మండించలేదు. వాళ్లని మళ్లీ జూల్ దూరానికి ఎక్కనిచ్చాను, దాదాపు మూడేళ్లు. పైన, నౌక అన్నిటికంటే మెల్లగా కదిలే చోట, 400 చాలింది. కక్ష్య కింది కొసని కెర్బిన్ దాకా దించాలంటే మండించాల్సింది పై కొస దగ్గర. అక్కణ్ణుంచి మరో రెండున్నరేళ్లు. కవచం మొత్తం ఎర్రబడింది. 20 కిలోమీటర్ల ఎత్తుకొచ్చేసరికి మంట ఆరింది, కింద సముద్రం నీలంగా కనిపించింది, మూడు పారాచూట్లూ విచ్చుకున్నాయి.

రండి, తెర మీద లేథ్ తిరుగుతోంది. సరైన చోటికి రావడానికి ఇంకో గంటన్నర ఆట సమయముంది. నోడ్ ఎవరు పెడతారు?